బామ్మర్ది అరగంటలో కొట్టేశాడు, నేను మూడు వారాలుగా చస్తున్నాను

ఈసారి ఉత్తరం హనుమకొండ నుంచి. ఆరు పేజీలు, చేతిరాత. రాసినాయనకు 39 ఏళ్లు, ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తారు. పేరు వెయ్యొద్దన్నారు. పోయిన వేసవిలో తోటి ఉద్యోగి దగ్గర పాత పీఎస్ 4 (టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టె) కొన్నారు. దానితో వచ్చిన డిస్కుల్లో ఒకటి ‘సెకిరో: షాడోస్ డై ట్వైస్’. తెలియనివారికి రెండు ముక్కలు: జపాన్‌లోని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2019 మార్చిలో విడుదల చేసిన గేమ్ ఇది. పదహారో శతాబ్దం చివరి జపాన్, యుద్ధాలతో నలిగిపోయిన అషీనా అనే కల్పిత రాజ్యం, ఒంటిచేతి షినోబీ (నింజా), ఒక కత్తి. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ దీనికే ఇచ్చారు. ఇందులో ఈజీ మోడ్ లేదు.

ఈయన అషీనా కోట పైఅంతస్తులో గెనిచిరో అనే బాస్ (దారికి అడ్డంగా నిలబడే పెద్ద శత్రువు) దగ్గర ఆగిపోయారు. మూడు వారాలైంది. ఇంట్లో అందరూ పడుకున్నాక రాత్రి పదిన్నరకు మొదలుపెడితే ఒంటిగంట దాకా అదే పని. అకౌంట్స్ మనిషి కదా, ఒక నోటుబుక్కులో ప్రతి ప్రయత్నం రాసిపెట్టుకున్నారు: మొత్తం 163 సార్లు. దసరాకు వచ్చిన బామ్మర్ది (ఇంజినీరింగ్ మూడో సంవత్సరం) పండగ భోజనాలయ్యాక హాల్లో కూర్చుని అందరి ముందూ అరగంటలో గెనిచిరోను పడగొట్టాడట. "బావా, నీకు రియాక్షన్లు అయిపోయినయ్, క్యాండీ క్రష్ ఆడుకో" అన్నాడట. గెలిచిన ఆటను మాత్రం ఈయన ఉంచుకోలేదు, దాచుకున్న పాత సేవ్ నుంచే మళ్లీ మొదలుపెట్టారు. గత వారం ఒక రాత్రి కోపం ఆపుకోలేక కంట్రోలర్ గోడకేసి కొట్టారు. పక్క గదిలో ఆరేళ్ల పాప లేచి ఏడ్చింది. "సంతోషం కోసం కొనుక్కున్నారు కదా, మరి ఈ తిట్లెందుకు?" అని భార్య అడిగారు. దానికి తన దగ్గర జవాబు లేదని రాశారు.

అడిగినవి మూడు. నిజంగా వయసు వల్లేనా? మానేయమంటారా? "పైసా ఖర్చు లేదు బావా, నేనే కొట్టి ఇస్తా, ముందుకు పో" అంటున్న బామ్మర్ది మాట వింటే అది మోసమవుతుందా?

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాకూ మీలాగే అనిపించింది, వేళ్ల వేగం చాలట్లేదేమోనని. రెండోసారి నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగాను. మీరు దాన్ని ఏమీ అనుకోకుండా, పాప గురించి చెబుతూ మధ్యలో రాసేశారు: "పాప లేస్తుందని టీవీ సౌండ్ పూర్తిగా తీసేసే ఆడతాను."

అయ్యా, మీరు మూడు వారాలుగా చెవులు మూసుకుని కోలాటం ఆడుతున్నారు.

కోలాటం మాట ఊరికే అనలేదు. బతుకమ్మ రోజుల్లో మీ వైపు చూసే ఉంటారు. ఎదుటివాడి కర్ర వచ్చాక కళ్లతో చూసి, ఆలోచించి, అప్పుడు తన కర్ర ఎత్తేవాడు ఒక్క చుట్టు కూడా పూర్తిచెయ్యలేడు. కర్ర ఎక్కడికి ఎప్పుడొస్తుందో పాటే చెబుతుంది, చెయ్యి దాని వెంట పోతుంది. అరవై దాటిన అవ్వలు గంటసేపు తప్పు లేకుండా ఆడేది రియాక్షన్ల బలంతో కాదు. సెకిరోలో కత్తియుద్ధం అచ్చం ఇదే. శత్రువు కత్తి తగిలే క్షణానికి కంట్రోలర్ మీద ఎల్1 బటన్ నొక్కితే డిఫ్లెక్ట్, అంటే దెబ్బను తిప్పికొట్టడం. ముందే నొక్కి పట్టుకుంటే ఉత్త బ్లాక్. ఈ రెంటికీ తేడాను ఆట మీకు ప్రధానంగా చెవికే చెబుతుంది. డిఫ్లెక్ట్ అయితే ఖంగుమని పదునైన మోత, పెద్ద నిప్పురవ్వలు. బ్లాక్ అయితే మొద్దు చప్పుడు. మీకా మోతే వినపడలేదు. అంటే 163 సార్లూ మీ జవాబు తప్పో ఒప్పో చెప్పేవాళ్లు లేకుండానే పరీక్ష రాశారు.

కాబట్టి అన్నిటికంటే ముందు ఒక వైరు హెడ్‌ఫోన్ తెచ్చుకోండి, ఫోనుతో పాటు వచ్చిన పాతదైనా చాలు. పీఎస్ 4 కంట్రోలర్ కింద దానికి చోటుంది. గుచ్చి, సెట్టింగ్స్‌లో శబ్దమంతా హెడ్‌ఫోన్‌కే వచ్చేట్టు పెట్టుకోండి. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పీఎస్ 4కు నేరుగా కలవవు, వాటి కోసం డబ్బు పెట్టకండి.

ఇంకొకటి టీవీ. కొత్త టీవీలు బొమ్మను అందంగా చూపించడానికి లోపల ఏవేవో మెరుగులు దిద్దుతాయి. సినిమాకు అది బాగుంటుంది. ఆటకొచ్చేసరికి మీరు నొక్కినదానికీ తెర మీద కనిపించేదానికీ మధ్య ఆలస్యం వచ్చిపడుతుంది, కొన్ని టీవీల్లో సెకనులో పదో వంతుకు పైగా. రిమోట్ తీసుకుని పిక్చర్ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఉందేమో చూడండి, ఉంటే ఆన్ చెయ్యండి. రంగులు కాస్త వెలసినట్టు కనిపిస్తాయి, ఫర్వాలేదు.

ఇప్పుడు వయసు సంగతి. కంటికి కనపడినదానికి చెయ్యి కదలడానికి మనుషులకు సుమారు పావు సెకను పడుతుంది. ఇరవైల్లో ఉన్నవాడికి కొంచెం తక్కువ, నలభైకి దగ్గరైనవాడికి కొంచెం ఎక్కువ. కానీ ఆ తేడా సెకనులో పదో వంతు కూడా ఉండదు. మీ వయసు తినేసిన సమయం కంటే మీ టీవీ తినేసిందే ఎక్కువ కావచ్చన్నమాట. మీ బామ్మర్దికి ఈ లెక్క చెప్పండి. పైగా అతని ఘనకార్యం గురించి మీరే రాసిన మరో మాట ఉంది: హాస్టల్లో ల్యాప్‌టాప్ మీద అతను ఈ గేమ్ ఇంతకుముందే పూర్తిచేశాడు. మీ హాల్లో అరగంటలో గెలిచాడు, సరే. హాస్టల్లో మొదటిసారి ఎన్ని రాత్రులు పట్టిందో ఎవరైనా అడిగారా? పైగా మిట్టమధ్యాహ్నం, కడుపునిండా తిని, సౌండ్ పెట్టుకుని, చుట్టూ చప్పట్లు కొట్టేవాళ్లుండగా ఆడాడు.

మీ నోటుబుక్కు దగ్గరికి వద్దాం. ఉత్తరానికి జత చేసిన ఆ పేజీలు ఈ వారం నాకు అందినవాటిలో అన్నిటికంటే ఆసక్తికరమైన కాగితాలు. మీరు కూడికలు వేశారు గానీ వాటిని చదవలేదు. పదకొండున్నర లోపు ఆడినవి 61. వాటిలో 19 సార్లు మీరు గెనిచిరో రెండో ప్రాణం (ఒకసారి పడ్డాక మళ్లీ లేచే దశ) దాకా వెళ్లారు. పదకొండున్నర తర్వాత 102. వాటిలో రెండో ప్రాణం చూసింది 6 సార్లే. కాలేజీ లెక్కల్లో ఇలాంటి పద్దు కనిపిస్తే మీరు ఏమంటారు? మొదటి గంటలో ఆడేది ఒక మనిషి, తర్వాత ఆడేది ఇంకో మనిషి. ఆ రెండో మనిషి నేర్చుకోవట్లేదు. నిద్రలేని వేళ్లతో తప్పుడు అలవాటునే వందసార్లు సాధన చేస్తున్నాడు. చేతిపని ఏదైనా, టైపింగైనా వీణైనా, నేర్చుకున్నది నిద్రలోనే కుదురుకుంటుంది. ఆ నిద్రనే మీరు ఖర్చు పెట్టేస్తున్నారు.

పక్కన మీరు రాసుకున్న "ఎలా చచ్చాను" అనే గడి కూడా చూశాను. సగానికి పైగా ఒకటే మాట: "తాగుతుంటే." సొరబుర్రలోని మందు తాగబోతుండగా అని. మీరు వెనక్కి పరిగెత్తి, దూరం దొరికిందనుకుని బుర్ర ఎత్తుతున్నారు. గెనిచిరో చేతిలో విల్లు ఉందని మరిచిపోతున్నారు. అతనికి దూరం మీకంటే ఎక్కువ పనికొస్తుంది. ఈ ఆటలో వెనక్కి పోవడం ఇంకో రకంగానూ నష్టం. శత్రువును పడగొట్టేది అతని ప్రాణం గీత ఒక్కటే కాదు, పోశ్చర్ గీత కూడా. దాన్ని నిలదొక్కుకునే బలం అనుకోండి. మీరు కొట్టినా, అతని దెబ్బను డిఫ్లెక్ట్ చేసినా ఆ గీత నిండుతుంది. మీరు దూరం జరిగి ఊపిరి పీల్చుకునే ప్రతి క్షణం అది తిరిగి తగ్గిపోతుంది. అంటే మీరు పరిగెత్తినప్పుడల్లా మీరు చేసిన అప్పు తీర్చకపోగా అతని అప్పు మీరు మాఫీ చేస్తున్నారు.

ఒక సంగతి మాత్రం చాలామందికి తెలియదు, తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మీ సొంత పోశ్చర్ గీత పూర్తిగా నిండిపోయినా సరే, సరైన సమయంలో డిఫ్లెక్ట్ చేస్తే మీరు పడిపోరు. ఉత్త బ్లాక్ చేస్తేనే తూలిపోతారు. కాబట్టి గీత ఎర్రబడిందని పారిపోనక్కర్లేదు. ఇంకా ఒకటి: అతను ఆగిన క్షణాల్లో ఎల్1 పట్టుకుని నిలబడితే మీ పోశ్చర్ త్వరగా కోలుకుంటుంది. ఎల్1 టపటపా కొట్టకండి. వెంటవెంటనే నొక్కేకొద్దీ డిఫ్లెక్ట్‌కు దొరికే సందు ఇరుకైపోయేలా ఈ గేమ్‌ను తయారుచేశారు. భయంతో నొక్కేవాడిని పట్టుకోవడానికే ఆ ఏర్పాటు అని నా అనుమానం.

ఎర్రక్షరం గురించి కూడా మీరు రాశారు. "అది కనపడగానే చేతులు గడ్డకట్టిపోతాయి" అన్నారు. తల మీద మెరిసే ఆ జపాన్ అక్షరానికి ప్రమాదం అని అర్థం, అంతే. ఏ ప్రమాదమో అది చెప్పదు. పొడుపుకూ, కాళ్ల కింద తిప్పే వేటుకూ, పట్టుకోబోవడానికీ అదే అక్షరం. అందుకే అక్షరం వంక చూడకండి, అతని ఒంటి వంక చూడండి. గెనిచిరో ఎగిరి పైనుంచి నరికాక వెంటనే రెంటిలో ఒకటి చేస్తాడు. కత్తి మొన మీ వైపు తిరిగితే పొడుపు, కత్తి కిందికి వాలి ఒళ్లు తిరిగితే కాళ్ల మీదికి. పొడుపుకు మికిరి కౌంటర్: అడుగు అతని వైపే వేస్తూ డాడ్జ్ (తప్పుకునే బటన్) నొక్కితే షినోబీ ఆ కత్తిని కాలితో తొక్కేస్తాడు. ఈ నైపుణ్యం స్కిల్ పాయింట్లతో కొనుక్కున్నారో లేదో మీరు రాయలేదు. కొనకపోతే ఇవాళే కొనండి. కాళ్ల మీది వేటుకు ఎగరండి, గాల్లోనే ఇంకోసారి ఎగిరే బటన్ నొక్కి అతని తల తొక్కండి. రెండూ అతని పోశ్చర్‌ను బాగా దెబ్బతీస్తాయి. అతను మిమ్మల్ని చంపడానికి వాడే దెబ్బలే మీకు అతనిచ్చే పెద్ద కానుకలు.

ఇక మీ ముందున్న దారులు. ఏది పట్టుకోవాలో మీరే తేల్చుకోవాలి. ఒక్కో దారికి ఖరీదెంతో మాత్రం చెబుతాను.

అక్కడే ఉండి నేర్చుకోవడం ఒకటి. అలాగైతే నా సలహా, రెండు రాత్రులు గెనిచిరో ముఖం చూడకండి. పాడుబడ్డ గుడి దగ్గర హన్బే అనే చావులేని మనిషి ఉంటాడు, మీరు దాటే వచ్చారు. అతన్ని అడిగితే మీతో సాధన చేస్తాడు: డిఫ్లెక్ట్, మికిరి, అన్నీ. ఎన్నిసార్లు నరికినా లేచి నిలబడతాడు, మిమ్మల్ని వెక్కిరించడు. మూడో రాత్రి గెనిచిరో దగ్గరికి వెళ్లి గెలవకూడదని ఒట్టు పెట్టుకోండి. ఒక్క దెబ్బ కూడా వెయ్యకుండా, అతని దెబ్బలు మాత్రమే కాసుకుంటూ చచ్చేదాకా ఉండండి. అతని వరసలు ఒకే వేగంతో రావు. గబగబా కొన్ని, చిన్న ఆగుడు, మళ్లీ ఒకటి. ఆ ఆగుడు దగ్గరే మీరు తొందరపడుతున్నారని నా ఊహ. ఆ దరువు నోటితో అనుకోండి, తప్పేం లేదు, హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక ఎవరు చూస్తారు? చావు వల్ల పోయేది కూడా మీరు అనుకున్నంత లేదు. చేతిలో ఉన్న ఆట డబ్బు సెన్‌లో సగం, తర్వాతి స్కిల్ పాయింట్ వైపు కూడబెట్టినదాంట్లో సగం. ఇప్పటికే సంపాదించిన పాయింట్లు పోవు. ఈ దారి ఖరీదు ఓపిక, రోజుకు గంట. ఎన్ని రోజులో నేను మాటివ్వలేను.

అతన్ని కొన్నాళ్లు అలా వదిలేసి వేరే వైపు తిరగడం ఇంకొకటి. చాలామంది ఈ బాస్ దగ్గర దారి మూసుకుపోయిందనుకుంటారు. నిజానికి సెన్‌పో గుడి వైపూ, లోయ వైపూ ఇప్పుడే వెళ్లొచ్చు. అక్కడి చిన్న బాస్‌లను కొడితే జపమాల పూసలు దొరుకుతాయి. నాలుగు పూసలకు ప్రాణమూ పోశ్చరూ రెండూ పెరుగుతాయి. దెబ్బ బలం మాత్రం వీటితో పెరగదు. ఒంటికి కాస్త మందం వస్తుంది, చేతికి పదును రాదు. నేను లేడీ బటర్‌ఫ్లై అనే ఇంకో బాస్ దగ్గర పది రోజులు ఇరుక్కున్నప్పుడు ఇదే చేశాను. తిరిగొచ్చేసరికి పెరిగిన ప్రాణం కంటే మారిన మూడ్ నాకు ఎక్కువ పనికొచ్చింది.

మానేయడం కూడా దారే, అది ఓటమి అని నేను అనను. ఇష్టమైనది ఈ తరహా పోరాటమే, ఇష్టం లేనిది ఈ కాఠిన్యమే అయితే దానికి ఆటలున్నాయి. స్టార్ వార్స్ జెడై: ఫాలెన్ ఆర్డర్‌లో దెబ్బ కాచుకునే పద్ధతి దాదాపు ఇదే, కానీ స్టోరీ మోడ్ నుంచి మొదలుపెట్టి నాలుగు స్థాయిలున్నాయి, తక్కువ స్థాయిలో కాచుకోవడానికి ఎక్కువ సమయం ఇస్తుంది. హేడిస్‌లో గాడ్ మోడ్ అని ఒకటుంది: మీకు తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది, చచ్చినప్పుడల్లా ఇంకో 2 శాతం, అలా 80 దాకా. ఓడిపోయేవాడికి నెమ్మదిగా చెయ్యి అందించడం అంటే అది. ఇదే ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2022లో తెచ్చిన ఎల్డెన్ రింగ్‌లోనూ ఈజీ మోడ్ లేదు, కానీ లెవెల్ పెంచుకుని రావచ్చు, సాయానికి ఆత్మలను పిలవొచ్చు. సెకిరోలో ఆ పప్పులు ఉడకవు. మానేసి వారం తర్వాత స్నానం చేస్తూ కూడా గెనిచిరో గురించే ఆలోచిస్తున్నారా, అప్పుడు మానేసినట్టు కాదు. ఆలోచన రాలేదా, డిస్కు అమ్మెయ్యండి.

బామ్మర్దితో కొట్టించుకోవడం మోసమా అన్నారు. ఎవరిని మోసం చేసినట్టు? మీ డిస్కు, మీ ఇల్లు. తప్పొప్పుల ప్రశ్న నాకు ఇందులో కనపడలేదు. కానీ దాని తర్వాత ఏమవుతుందో చూడండి. గెనిచిరో ఈ ఆటలో సగం దారిలో పెట్టిన పరీక్ష. ఇక్కడిదాకా నేర్పినవన్నీ వచ్చాయా లేదా అని చూసి, వచ్చాయనుకునే ముందున్నవన్నీ తయారుచేశారు. పరీక్ష వేరేవాళ్లు రాస్తే పైతరగతిలో కూర్చునేది మీరే. రెండు వారాల తర్వాత మళ్లీ ఫోను చెయ్యాలి, "బావా" అనిపించుకోవాలి. మీ సొంత ఆటలో మీరే అరటిపండు అయిపోతారు. అందరి ముందూ అతను గెలిచిన ఆటను ఉంచుకోలేదని రాశారు చూడండి, ఈ ప్రశ్నకు మీ జవాబు అక్కడే ఉందనిపించింది నాకు. కథ ఏమవుతుందో చూడాలన్న కోరిక మాత్రమే ఉంటే అప్పుడు వేరే సంగతి, కొట్టించుకోండి, హాయిగా పక్కన కూర్చుని చూడండి.

కంట్రోలర్ గోడకు కొట్టిన రాత్రి గురించి మీరు నాలుగు లైన్లే రాశారు. నేను దాన్ని దాటి పోలేను. ఆ రోజు తేదీ నోటుబుక్కులో వెతికాను. ఆ రోజు ఫీజుల లెక్కలో తేడా వచ్చి, మీది కాని తప్పుకు మీరు నిలబడి మాటలు పడ్డారని మొదటి పేజీలో రాశారు. "పైవాళ్లకు ఎదురు చెప్పలేని రోజే రాత్రి ఎక్కువసేపు ఆడతాను" అనీ మీరే రాశారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటారు కదా, ఇక్కడ దుత్త కంట్రోలర్ అయింది. దుత్త పగిలితే ఇంకోటి వస్తుంది. పాప మాత్రం ఆ చప్పుడును గెనిచిరోతో ముడిపెట్టదు, నాన్నతోనే ముడిపెడుతుంది. ఆమెతో ఒకసారి కూర్చుని, ఆ రాత్రి నాన్నకు కోపం వచ్చింది, నీ మీద కాదు అని చెప్పండి. ఆరేళ్ల పిల్లకు అది అర్థమవుతుంది. ఆఫీసులో మాటలు పడిన రోజు గెనిచిరో దగ్గరికి వెళ్లకండి. ఆ రోజు మీకు కావలసింది గెలుపు, అతను ఇచ్చేది చావు, ఈ బేరం కుదరదు. ఆ రాత్రి కోట కింది అంతస్తుల్లో మామూలు సైనికుల మీద పడండి, అదీ వద్దనుకుంటే పడుకోండి.

మీ ఆవిడ అడిగినదానికి కూడా నేను జవాబు చెప్పలేను, అది మీరు చెప్పుకోవాల్సింది. అయితే ఆమె అడిగింది గేమ్ ఎందుకని కాదు, తిట్లు ఎందుకని. రెండూ వేరు. మీరు ఉత్తరమంతా మొదటిదానికే సంజాయిషీ రాశారు. రోజుకు గంట, పదకొండున్నరకు ఆపేస్తాను అని ఆమెకు చెబితే, ఆ గంట మీకోసం వదిలిపెట్టమని అడిగే హక్కు కూడా మీకు వస్తుంది. పగలంతా మీది అనే గంట ఒక్కటీ లేదని మీ రోజు చదివితే నాకు తెలిసింది. ఆ గంట ఉండాలి.

ఒకటి మిగిలింది. రెండు ప్రాణాలు తీశాక వచ్చేదాన్ని మీ చేత్తో మీరు ఇంకా ఆడలేదు. గెనిచిరో మూడోసారి లేస్తాడు, ఈసారి మెరుపులతో. అది చూసి నీరుగారిపోకండి, తెలిసినవాడికి ఆ మెరుపే కలిసొస్తుంది. అతను మెరుపును కత్తికి ఎక్కించుకోవడం కనపడగానే ఎగరండి. గాల్లో ఉండగా మెరుపు మీకు తగలనివ్వండి, కాళ్లు నేలకు ఆనేలోపు కత్తి ఊపండి. అది తిరిగి అతనికే వెళ్తుంది, కాసేపు గిలగిలా కొట్టుకుంటూ నిలబడిపోతాడు. నేల మీద నిలబడి మాత్రం తగిలించుకోవద్దు. దీనికోసం బామ్మర్దికి ఫోను చెయ్యాల్సిన పని లేకుండా ఇక్కడే చెప్పేస్తున్నాను.